పెద్ద సంసారము – చిన్న సంతోషములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలలో మహాపురుషులను స్మరించుట సంప్రదాయము. అది యుక్తమే. కాని గ్రంథాలయపు గడపను దినదినము త్రొక్కువారు మహాపురుషులు కారు. పత్రిక కొరకు వచ్చు రైతులును, బడి విడువగానే వచ్చు పిల్లలును మాత్రమే. అందువలన నేటి ప్రసంగమునకు విషయము మిక్కిలి చిన్నది. ఓర్వకల్లు వంటి మెట్టసీమ గ్రామమున, పెద్ద సంసారములో పుట్టిన పదునైదేండ్ల క్రైస్తవ బాలికకు నిత్యము కలుగు సంతోషము లెట్టివి? వాని కాధారమేమి? వానికి రాదగిన ఆపద యేమి? ఇంతియే విషయము.

ఆనందమనగానే పండితులు బ్రహ్మానందమును తలచుదురు. పోతనామాత్యుడు మాత్రము భాగవత దశమస్కంధమున గోపబాలురు యమునాతీరమున చల్దులు గుడుచుటను వర్ణించి, ఆనందమనునది ఎడమచేతి పెరుగన్నపు ముద్దలోను, వ్రేళ్లసందున ఇరికించుకొన్న ఊరుగాయలోను సైతము ఉన్నదని చూపెను. ఆ చల్దులకు రుచి వచ్చినది పదార్థము వలన కాదు. పదిమంది కలిసి పంచుకొనుట వలన.

క్రైస్తవుల గ్రంథమునందును పెద్ద సంసారముల కథలు కొల్లలుగా నున్నవి. యాకోబునకు పండ్రెండుగురు కొడుకులు. అందు యోసేపు పదునేడేండ్లవాడై అన్నలతో మందను మేపుచుండెను. తండ్రి అతని కొక్కనికే విచిత్రమైన నిలువుటంగీ కుట్టించెను; ఆ యంగీయే ఇంటిలో చిచ్చు పెట్టెను. యెష్షయి యెనమండుగురు కొడుకులలో దావీదు కడగొట్టువాడు. ప్రవక్త ఇంటికి వచ్చి కొడుకులను చూపుమన్నపుడు, గొర్రెల కడ నున్న ఆ చిన్నవానిని పిలుచుట ఎవరికిని తోచలేదు. పెద్ద సంసారములో సంతోషమున కెంత చోటున్నదో, ఒక బిడ్డను మరచుటకును అంత చోటున్నదని ఈ కథల తాత్పర్యము. ఈ మాటను సభాసదులు మనస్సున నుంచుకొన ప్రార్థన.

ఈ సీమకు క్రైస్తవమతము నిన్న మొన్న వచ్చినది కాదు. లండను మిషనువారు 1822లో కడపయందు పని ప్రారంభించిరి. ఆ శతాబ్దములోనే ఆంగ్లికను మిషనువారు ముత్యాలపాడు, నంద్యాల ప్రాంతములను, అమెరికను బాప్టిస్టులు కర్నూలును కేంద్రముగా చేసికొనిరి. 1876–78 నాటి ధాత కరువులో ఈ జిల్లా పడిన బాధ వర్ణనాతీతము. ఆ కరువు వెనువెంటనే తెలుగుదేశపు మాలమాదిగ పల్లెలలో వేలకొలది జనులు ఆ మతమును స్వీకరించిరి. వారిలో అక్షరము వచ్చినవారు అరుదు. అయినను పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలగువారు తెలుగు రాగతాళములలో కీర్తనలు రచించుట వలన, చదువురాని వారికిని వేదాంతము కంఠస్థమైనది. ఆ వాడలకు తొలిసారిగా పలకా బలపమును పరిచయము చేసినవాడును తరచుగా మిషను ఉపాధ్యాయుడే.

ఇక ఒక యింటిని మనస్సున ఊహింపుడు. ఇది ఫలానివారి యిల్లని వ్రేలు చూపుటకు కాదు. ఇట్టి యిండ్లు ఈ ప్రాంతమున పెక్కు. బేతంచెర్ల బండలు పరచిన రెండంకణముల మిద్దె. అందు అవ్వ, నాయన, అమ్మ, పెండ్లికాని చిన్నాయన, పిల్లలు ఏడుగురు, వెరసి పదునొకండుగురు. ఏడుగురిలో ఈ బాలిక మూడవది. పైన అన్నయు అక్కయు; క్రింద ఇద్దరు చెల్లెండ్రును ఇద్దరు తమ్ములును.

కోడికూతకు ముందే అవ్వ ప్రార్థన గొణుగుట వినబడును. అది ముగియునప్పటికి అమ్మ జొన్నరొట్టె తట్టు చప్పుడు మొదలగును. పెనము మీదినుండి దిగిన మొదటి రొట్టె చిన్నాయనకు చేనికి పోవును. రెండవదాని కొరకు తమ్ములిద్దరును కలహింతురు. పిదప ఆడపిల్లలు నలుగురును అరుగుమీద ఒకరి వెనుక నొకరు కూర్చుందురు. అక్క ఈమెకు జడ వేయును. ఈమె పెద్ద చెల్లెలికి, ఆమె చిన్న చెల్లెలికి. చిన్నదానికి ముందెవ్వరును లేరు గనుక అది గుడ్డబొమ్మకు జడ వేయును. వీధిని పోవువారు ‘రైలుబండి కదిలినదా?’ యని పరిహసింతురు. ఈ రైలుబండిలో ఎక్కుటకు టికెట్టు లేదు. కాని ఒంటరి బిడ్డ యున్న ఇంట ఇది దొరకదు.

ఆమె బడిసంచిలోని పుస్తకము కొత్తది కాదు. మొదటి పుటలో అన్నపేరు, దానిక్రింద అక్కపేరు, దానిక్రింద తనపేరు. లోపల అన్న పెన్సిలుతో వ్రాసిన వేళాకోళములు, అక్క గీసిన ముగ్గులు. కొత్త పుస్తకము పాఠము మాత్రమే చెప్పును. ఈ పుస్తకము పాఠముతోబాటు అన్న ఏ లెక్కకడ తికమకపడెనో కూడ చెప్పును.

సాయంకాలము పదునొకండుగురును చాపలమీద కూర్చుండి కుటుంబప్రార్థన చేయుదురు. ప్రతివారును ఒక వాక్యము ఒప్పజెప్పవలెను. చిన్న తమ్ముడు ప్రతిరాత్రియు బైబిలులోని అతి చిన్న వాక్యమునే చెప్పి తప్పించుకొనును; దొరికిపోయినను వానికి సిగ్గులేదు. అవ్వకు అక్షరము రాదు. అయినను బాలిక కీర్తనల పుస్తకము చూచి చదువునపుడు ఒక్క మాట తప్పినను, కన్నులు మూసికొనియే అవ్వ దిద్దును. చదువు వచ్చిన పిల్లయు, చదువురాని అవ్వయు ఒకరికొకరు గురువులగుట ఆ యింటి ప్రత్యేకసంపద. వేసవిలో కరెంటు పోయినచో అందరును మిద్దెమీదికి చేరుదురు. 2021లో ఓర్వకల్లు కడ విమానాశ్రయము తెరచిన పిదప, దిగుచున్న విమానపు దీపమును ముందుగా ఎవరు చూచిరన్నది అక్కడ ప్రధాన వివాదము.

ఆదివారము వేరు. గుడిలో పాట, ఇంట కోడికూర. ఒక్క కోడి, పదునొకండు కంచములు! ఈ భాగహారమున ఎంతటి గణకుడైనను తడబడును. అమ్మ మాత్రము శేషము లేకుండ పంచును. కందనకాయ కొరకు ప్రతివారము తగవు. నాయన తన వంతు ముక్కను, తనకది రుచింపదని చెప్పి, చిన్నవారి కంచములో వేయును. పదునాలుగేండ్ల దాక ఈ బాలిక ఆ మాట నమ్మినది. ఒక పెండ్లివిందులో ఆయన ఆ ముక్కనే యేరుకొని యిష్టముగా తినుట చూచిన నాటినుండి నమ్మలేదు. బాల్యము ముగియుట కొందరికి ఇట్లే తెలియును.

సంవత్సరమున రెండు పెద్ద సంబరములు. మొదటిది కోతపండుగ. జొన్నలు, కొఱ్ఱలు, వేరుసెనగలు, గుమ్మడికాయలు, కోళ్లు – ఎవరికి పండినది వారు గుడికి తెచ్చి అర్పింతురు. ఆరాధన ముగిసిన పిదప వానిని వేలము వేయుదురు. తాము పెంచి, పేరుపెట్టి, కన్నీళ్లతో అర్పించిన కోడిపుంజునే తమ్ములు మరల వేలములో పాడుమని నాయన కండువా పట్టి లాగుదురు. రెండవది క్రిస్మసు. కర్నూలులో ఒకే తానునుండి గుడ్డ కొని, మగపిల్లలకు చొక్కాలు, ఆడపిల్లలకు గౌనులు, పావడలు కుట్టింతురు. జనములో ఏ బిడ్డ తప్పిపోయినను ఏ యింటి బిడ్డయో గుడ్డయే చెప్పును. వెదురుబద్దలతోను రంగుకాగితములతోను నక్షత్రము కట్టుదురు. కంజీర, డోలకులతో రాత్రి యింటింటికి పోయి పాడుదురు. కర్జికాయలు, నిప్పట్లు ఇరుగుపొరుగువారికి పంపుదురు. ఆ గిన్నె ఊరక తిరిగిరాదు. ఉగాదినాడు రెడ్ల యింటినుండి బక్ష్యములతోను, రంజాను నాడు దూదేకుల యింటినుండి సేమియాతోను తిరిగివచ్చును. యోసేపు అంగీ ఒక్కనికే కుట్టించిన తండ్రి కన్న, ఏడుగురికి ఒకే తాను చింపించిన ఈ తండ్రి లోకజ్ఞుడని చెప్పవచ్చును.

ఇంతవరకు జమ. ఇక ఖర్చు చూడవలెను. ఒక వైపు మాత్రమే వ్రాసిన లెక్క లెక్క కాదు.

ఈ బాలిక చంకన ఎవరో యొకరు ఉండక ఆమె పదేండ్లు గడువలేదు. తమ్ములు, చెల్లెండ్రు ఆమె నడుముమీదనే పెరిగిరి. ‘తల్లివంటి అక్క’ యని ఊరు మెచ్చుకొనును. ఆ మెప్పుకోలు వెనుక ఆమె మానిన బడిదినములు ఎవరును లెక్కింపరు. ఈ జిల్లాలో సంకరజాతి ప్రత్తివిత్తనపు చేలు విస్తారము. ఆ పని విచిత్రమైనది. సాయంకాలము మొగ్గలోని కేసరములను గోటితో తీసివేసి, మరునాటి యుదయము వేరొక జాతి పుప్పొడిని ఆ పూవునకు అద్దవలెను. పూవు తరువాత పూవు, నెలల తరబడి. చెట్టు పొట్టిది, మొగ్గ సున్నితము. అందుచేత ఆడపిల్లల చిన్ని వ్రేళ్లే ఆ పనికి తగినవని వెనుకటినుండి వారిని కుదుర్చుకొనుట ఆచారమైనది. ముందుగా బయానా ఇచ్చుటయు కలదు. వానలు తప్పిన ఏట, అప్పు మీరిన ఇంట, ఏడుగురిలో ఎవరిని చేనికి పంపుటయను ప్రశ్న వచ్చినపుడు చూపులు మొదట ఎవరివైపు తిరుగునో చెప్పనక్కరలేదు. ఆమె ఎదురు చెప్పదు. నాయన ముక్కను గూర్చి ఆమెకు తెలిసినది గదా! త్యాగమును ఆమె ఆ కంచమునందే నేర్చినది.

చట్టము సాయపడదా? 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరునుండి పదునాలుగేండ్ల వరకు చేయి పట్టుకొనును. బాలికా వివాహమును పదునెనిమిదేండ్ల వరకు 2006 చట్టము నిషేధించినది. కాని పదునైదవ యేట బడి మానిన బిడ్డను తిరిగి బెంచీమీద కూర్చుండబెట్టు బాధ్యత ఏ చట్టమును స్పష్టముగా నెత్తిన వేసికొనలేదు. పైగా 1950 నాటి ఉత్తర్వు ననుసరించి, షెడ్యూల్డు కులముల నుండి క్రైస్తవులైన వారు ఆ పట్టికలో ఉండరు. తరువాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. ఆంధ్రప్రదేశమున ఈ క్రైస్తవులు వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గముగా, ఒక శాతము రిజర్వేషనుతో ఉన్నారు. ఇది న్యాయమా కాదా యని తీర్పు చెప్పుట ఈ సభ పని కాదు. వాడ మారలేదు, మడిచెక్క మారలేదు. పట్టికలోని వరుస మాత్రము మారినదని గమనించిన చాలును.

పదునైదేండ్ల వయస్సులో ఎంత ప్రమాదము, ఎంత సాధ్యము ఉన్నదో తెలియుటకు ఒక్క నిదర్శనము. గుఱ్ఱము జాషువ 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబమున జన్మించెను. 1910లో, అనగా పదునైదేండ్ల వయస్సులో, వివాహమైనది. మిషను పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతముతో బ్రతికెను. ఆ యుద్యోగమును పోయెను. ఇరువదేండ్ల ప్రాయమున రాజమహేంద్రవరము చేరి, మూకీ చిత్రములకు తెరచెంత కథను, సంభాషణలను చదివి పొట్ట పోసికొనెను. అట్టివాడు 1941లో ‘గబ్బిలము’ వ్రాసెను. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమి బహుమానమందెను. ఒకవైపు అంటరానివాడని హిందూసమాజము, మరొకవైపు పురాణకథలు వ్రాయుచున్నాడని క్రైస్తవపెద్దలు త్రోసివేసినను, ఆయనకు పద్యము అన్నమాట వినెను. ఆ పదునైదేండ్ల బాలునకు పుస్తకము అందకపోయినచో తెలుగుకవిత ఎంత పేదదై యుండెడిదో ఊహింపుడు. ఆ వయస్సులోనే పుస్తకము చేజారిన బాలికలెందరో, ఆ లెక్క ఏ చిట్టాలోను లేదు.

పెద్ద సంసారములు నేడు తగ్గిపోవుచున్నవి. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున స్త్రీకి సగటున 1.7 సంతానము. ఇద్దరికి మించి బిడ్డలున్నవారు పంచాయతీ యెన్నికలకు నిలువరాదన్న 1994 నాటి నిబంధనను సైతము 2024లో రాష్ట్రము తొలగించినది. కొందరు పెద్ద సంసారములు మరల రావలెనందురు, కొందరు వలదందురు. ఉన్న పెద్ద సంసారములోని మూడవ పిల్ల ఏమగుచున్నదని అడుగువారు మాత్రము తక్కువ. పదిమంది సంతోషము ఒక బిడ్డ నడుముమీద నిలిచియున్నంతకాలము ఆ సంతోషము అప్పుగా తెచ్చినదే. ఎన్నడో యొకనాడు వడ్డీతో తీర్పవలసియుండును.

అప్పు తీర్చుటకు ఈ గ్రంథాలయము చేయదగిన పనులు గొప్పవి కావు. రెండంకణముల యింట పదునొకండుగురి నడుమ చదువుకొనుటకు మూల దొరకదు. ఇక్కడ ఒక బల్ల, ఒక దీపము, సాయంకాలము రెండు గంటలు ఆడపిల్లలకని కేటాయింపవచ్చును. చంకబిడ్డతో వచ్చినచో పొమ్మనక, ఆ బిడ్డకును ఒక చాపయు ఒక బొమ్మల పుస్తకమును ఈయవచ్చును. పోతన భాగవతమును, జాషువ గబ్బిలమును ఒకే బీరువాలో, ఒకే అరలో నుంచవచ్చును. వారమంతయు రాని పిల్ల ఇంటికి పోయి, ఏమాయెనని ఒక మాట అడుగవచ్చును. 1990ల దశకమునుండి పొదుపు సంఘములతో దేశమునకు పేరు వినిపించిన ఓర్వకల్లు ఆడువారికి ఇది భారము కానేరదు. రూపాయి రూపాయి కూర్చినవారు దినము దినము కూర్చలేరా?

లూకా సువార్తలో ఒక కథ కలదు. పండ్రెండేండ్ల యేసు తల్లిదండ్రులతో యెరూషలేము పండుగకు పోయెను. తిరుగుప్రయాణమున బంధుజనము పెద్ద గుంపుగా నుండుటచేత, బిడ్డ ఎవరితోనో ఉన్నాడని తలచి వారు ఒక దినపు ప్రయాణము నడచిపోయిరి. పెద్ద సంసారములో బిడ్డ తప్పిపోవునది ఇట్లే. ఎవరి తప్పును కాదు, అందరి నమ్మకము. చుట్టములలో వెదకిరి, లేడు. మూడు దినములైన పిదప దేవాలయమున పండితుల నడుమ కూర్చుండి, వినుచును ప్రశ్నలడుగుచును కనబడెను.

గుంపులో తప్పిన బిడ్డ దొరకిన చోటు అది. ఈ గ్రామమునను అట్టి చోటు ఒకటి యున్నది. ఇరువదియైదేండ్లుగా తలుపు తెరచియే యున్నది. ఏడుగురిలో మూడవ పిల్ల ఎక్కడనని తల్లిదండ్రులు వెదకు సాయంకాలము, ‘గ్రంథాలయములో చూచితిరా?’ యని పొరుగువారు అడుగు దినము వచ్చుగాక! ఆనాడు ఈ రజతోత్సవము సార్థకము.

స్వస్తి.