ఉద్యోగస్థైర్యము – ఉత్పత్తి

రేపు పని యుండునో యుండదో యను భయమున్నగాని కూలివాడు వంగి పనిచేయడని మేస్త్రీలు చెప్పుకొనుట మనము వినుచునే యున్నాము. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. భయము చేతులను కదలించును. కాని చేతులతోపాటు బుద్ధియు పనిచేయవలసిన కార్ఖానాలలో నిది యెంతవరకు చెల్లును?

ఒక పనివాడు గంటకు పది వస్తువులు చేయుచున్నాడనుకొందము. తన యనుభవముచేత పదునైదు చేయగల యుపాయ మొకటి కనిపెట్టినాడు. దానిని యజమానికి చెప్పునా? చెప్పిన మరునాడు ముగ్గురు చేయు పని యిద్దరికే సరిపోవును; ఆ మూడవవాడు తానే కావచ్చును. లేదా వస్తువొక్కింటికి ఇచ్చు కూలి తగ్గును. కావున నతడు నోరు మెదపడు. దీనిని సోమరితనమనుట అన్యాయము, ఇది లౌక్యము.

అమెరికాలో ఒహాయో రాష్ట్రమున క్లీవ్‌లాండ్ నగరమునందు లింకన్ ఎలక్ట్రిక్ అను సంస్థ కలదు. 1895లో స్థాపితమైన యీ సంస్థ వెల్డింగు యంత్రములను తయారుచేయును. ఇచ్చట చేసిన పనినిబట్టి కూలి. పనివారు తమ నేర్పుచే నెంత యెక్కువ చేసినను, పని పద్ధతి మారినగాని రేటు తగ్గింపబడదని యాజమాన్యము మాట యిచ్చినది. దానికి 1958లో మరియొక హామీ చేరినది: నిర్ణీతకాలము పనిచేసినవారిని, పని లేదను కారణముచే తొలగింపరు. 1980 తరువాతి మాంద్యములో అమ్మకములు దారుణముగా పడిపోయినప్పుడు ఈ హామీ పరీక్షకు వచ్చినది. పనిగంటలు తగ్గినవి, రాబడి తగ్గినది; ఆ కారణముగా తొలగింపబడినవారు మాత్రము లేరు. కార్ఖానా పనివారు కొందరు యంత్రములను అమ్ముటకై ఊళ్లవెంట బయలుదేరిరి. తాము స్వయముగా బిగించిన యంత్రమును గూర్చి వారికంటె బాగుగా చెప్పగలవారెవరు?

ఈ హామీ ఊరక రాలేదు. వేరొక విభాగమునకు మార్చినచో, అక్కడ కూలి తక్కువైనను పోవలెను. గిరాకి హెచ్చినప్పుడు అదనపుగంటలు చేయవలెను. పని చెడగొట్టువానికి రక్షణ లేనే లేదు.

జపానులో టొయోటా సంస్థ 1950లో అప్పులపాలై పెక్కుమంది పనివారిని వదలుకొన్నది, సమ్మె జరిగినది, అధ్యక్షుడు కియిచిరో టొయోడా పదవి విడిచెను. పిమ్మట స్థిరోద్యోగమునకు అచ్చట ప్రాధాన్యము హెచ్చినది. మరుసటి యేడాదినుండియే పనివారి సూచనలను స్వీకరించు పద్ధతి యేర్పడినది. అయితే 2008 నాటి మాంద్యములో అచ్చటి తాత్కాలికపు పనివారికి ఆ రక్షణ దొరకలేదు. మన దేశపు కార్ఖానాలలోను స్థిరోద్యోగి ప్రక్కనే, అదే యంత్రమువద్ద, కాంట్రాక్టు కూలి నిలుచుండుట కలదు. అతనికి తోచిన యుపాయము అతనితోనే గేటు దాటి పోవుచున్నది.