పాత పికప్ బండిని ఎవరైనా లేపినారా? కొనే ముందు ఎట్లా తెలుసుకోవాలి?
(ప్రసంగ పాఠం)



మిరపను గుంటూరు యార్డుకో, టమాటాను మదనపల్లె మార్కెట్టుకో స్వయంగా చేర్చుకోవాలని పాత పికప్ బండ్లను కొనే రైతులు మనలో చాలామంది ఉన్నారు. ఎద్దును కొనేటప్పుడు పళ్ళు లెక్కబెట్టి, గిట్టలు తడిమి, నాలుగడుగులు నడిపించి చూచే మనము, బండి దగ్గరకు వచ్చేసరికి ఇంజను చప్పుడు విని, రంగు చూచి బయానా ఇచ్చివేస్తాము. వంగి బండి అడుగున చూచేవారు తక్కువ. ఆ బండి కంపెనీవారు ఇచ్చిన ఎత్తులోనే ఉన్నదా, లేక మధ్యలో ఎవరైనా కమానులను మార్చి లేపినారా అన్నది ఆ అడుగుననే తెలుస్తుంది. ఈనాడు ఆ సంగతి మనవి చేస్తాను.

బండిని లేపేది ఎక్కువగా రెండు కారణాల వల్ల. బరువు అధికంగా వేయాలని కొందరు కమాను కట్టలో అదనపు పట్టీలు చేర్పిస్తారు. డొంకదారిలో అడుగు తగలకూడదని మరికొందరు దిమ్మలు పెట్టిస్తారు. ఎట్లా లేపినా నష్టం ఒకటే. పత్తి, మిరప బస్తాలు అసలే ఎత్తుగా పేర్చే సరుకు. బండి కూడా లేస్తే బరువంతా పైకి పోయి మలుపులో ఒరుగుతుంది. ఇంకొక చిక్కు ఉన్నది. కొన్ని బండ్లకు వెనుక ఇరుసుకూ ఛాసీకీ నడుమ సన్నని కడ్డీతో కలిపిన బ్రేకు వాల్వు ఉంటుంది. బరువుకు ఛాసీ దిగినకొద్దీ వెనుక చక్రాలకు బ్రేకు ఒత్తిడి ఎక్కువగా పంపడం దాని పని. లేపిన బండిలో నిండు బరువున్నా వాల్వుకు ఖాళీ బండిగానే తోస్తుంది. వెనుక బ్రేకు తగ్గిపోతుంది. ఘాటు రోడ్డు దిగేటప్పుడు దీని ఫలితం ఏమిటో మీరే ఊహించుకోండి.

వెనుక భాగం ఎత్తుగా ఉన్నదని చూడగానే అనుమానపడవద్దు. బరువు మోసే బండి ఖాళీగా ఉన్నప్పుడు వెనుక లేచి ఉండడం సహజమే. పెద్ద టైర్లు వేసినా బండి లేచినట్లు కనపడుతుంది. 215/75 ఆర్ 15 టైరు వ్యాసం సుమారు 704 మి.మీ.; 235/75 ఆర్ 15 టైరుకు సుమారు 734. తేడా 30 మి.మీ. అయినా, చక్రం నడుమ నుండి నేల వరకు సగమే గనుక బండి లేచేది 15 మి.మీ. మాత్రమే. అందుచేత నేల నుండి కొలవకండి. బండిని ఖాళీగా, చదునైన చోట నిలిపి, ముందు చక్రం హబ్బు నడిమి నుండి మడ్‌గార్డు అంచు వరకు కొలవండి. వెనుక ఇరుసు గొట్టం నుండి ఛాసీ అడుగు వరకు కొలవండి. ఈ కొలతలలో టైరు మోసం చేయలేదు. అదే రకం బండి, ఎవరూ చేయి పెట్టనిది, ఊళ్ళో ఉంటే దానినీ కొలిచి పోల్చండి.

అయితే కొలత సరిపోయినంత మాత్రాన నిశ్చింతగా ఉండవద్దు. పాత బండిలో కమానులు ఏళ్ళ తరబడి బరువు మోసి కుంగుతాయి. కుంగిన కట్టలో ఒక పట్టీ చేర్చి లేపితే, ఎత్తు సరిగ్గా కొత్త బండి ఎత్తుకే రావచ్చు. ఒక రైతు సోదరుడు చూపిన బండిలో నేనే ఈ పొరపాటు చేసినాను. కొలత చూచి బాగున్నదన్నాను. పక్కనున్న కమాను మేస్త్రీ నవ్వి, కట్టలో మూడవ పట్టీకి తుప్పు లేదేమని అడిగినాడు!

కాబట్టి హ్యాండు బ్రేకు వేసి, చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, టార్చి లైటుతో కిందికి చూడండి. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందకు మాత్రం దూరకండి. కట్టలోని పట్టీలన్నీ ఒకే వయస్సువిగా, ఒకే తుప్పుతో ఉన్నవా? కట్టను పట్టి ఉంచే క్లిప్పులు వంచి మళ్ళీ బిగించిన గుర్తులున్నవా? యూ బోల్టులు మిగతా ఇనుము కంటే కొత్తగా ఉండి, నట్టు దాటి మరలు చాలా పొడవుగా వెలుపలికి వచ్చినవా? కుడి ఎడమలలో పట్టీల సంఖ్య ఒకటేనా?

ఇరుసుకూ కమానుకూ నడుమ ఇనుప దిమ్మ ఉంటే తొందరపడి తీర్పు చెప్పకండి. వెనుకవైపు కొన్ని కంపెనీలవారే దిమ్మ పెడతారు. ఒకదానిపై ఒకటి రెండు ఉంటే మాత్రం అది బయటి పనే. ముందు కమానుకు దిమ్మ ఉన్న బండిని నేనైతే కొనను. బ్రేకు వేసినప్పుడు ముందు ఇరుసు మీద పడే మెలికకు ఆ దిమ్మ కదిలితే స్టీరింగు చేతిలో ఉండదు.

షాకిల్ పలకలు కూడా చూడండి. వాటిని రెండంగుళాలు పొడుగు చేస్తే ఇరుసు దగ్గర బండి సుమారు అంగుళం లేస్తుంది. ముందు కమానుకు బదులు టార్షన్ బారు అనే మెలికడ్డీ ఉన్న బండ్లలో దాని సర్దుబాటు బోల్టును బిగించి లేపుతారు. మరలు ఎంత లోపలికి పోయినవో చూస్తే తెలుస్తుంది. బ్రేకు గొట్టం బిగుసుకొని ఉన్నా, ఇందాక చెప్పిన వాల్వు కడ్డీని తీగతో కట్టినా, అతుకు వేసినా లెక్క తేలినట్లే.

పట్టీలు చేర్చినందువల్ల రిజిస్ట్రేషనులో రాసిన మొత్తం బరువు పెరగదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషను వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేటట్లు బండిని మార్చడాన్ని నిషేధించినది. ప్రమాదం జరిగితే భీమా దగ్గర వాదులాడవలసినది బండిని లేపిన పాత యజమాని కాదు, మీరు.

లేపిన బండి అని తేలినా, ఇంజను, ఛాసీ బాగుంటే బేరం చెడగొట్టుకోనక్కరలేదు. కమానులు ఉండే చోట, వాటి బ్రాకెట్ల వద్ద ఛాసీ పగిలిందేమో గీకి చూడండి. బిరుసు కమానులు అక్కడే దెబ్బ తీస్తాయి. పగులు లేకపోతే, కట్టను కంపెనీ లెక్కకు మార్పించే ఖర్చును ధరలో తగ్గించమని అడగండి. మార్పించేటప్పుడు యూ బోల్టులు కొత్తవే వేయించండి, ఒకసారి సాగినవి మళ్ళీ పట్టవు. మొదటి బరువు దించి వచ్చిన రోజున వాటిని మరల బిగింపించండి.