ఎర్ర గుర్తు చెప్పనిది

విశాఖ వన్ టౌన్‌లో కురుపాం మార్కెట్ సందుల్లో చూపులేని మనిషికి దారి చెప్పేది చేతికర్ర. వెబ్‌సైట్‌లో ఆ కర్ర, తెరమీది మాటలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్. ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ అనే రీడర్ తెలుగు కూడా చదివి వినిపిస్తుంది. బటన్‌కు పేరు రాయకపోతే మాత్రం ఉత్త ‘బటన్’ అని ఊరుకుంటుంది. అది డబ్బు కట్టేదో, రద్దు చేసేదో ఎలా తెలియాలి?

ఇలాంటి లోపాలను పట్టే ఉచిత పరికరం వేవ్. సైట్ చిరునామా ఇస్తే తప్పున్నచోట ఎర్ర గుర్తు పెడుతుంది. మామూలు అక్షరాలకూ వెనకున్న రంగుకూ మధ్య వెలుగు తేడా 4.5:1 కన్నా తగ్గినా చెబుతుంది. కానీ ఓడ బొమ్మకు వివరణగా ‘రైలు’ అని రాస్తే ఒప్పేసుకుంటుంది!

డిజిటల్ అందుబాటు జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. సైట్లు నడిపేవారూ, మౌస్ పక్కనపెట్టి ట్యాబ్ కీతో మీ పేజీ చివరిదాకా వెళ్లి చూడండి. ఆపైన చూపులేనివారిని పిలిచి, పక్కన కూర్చుని వాడించండి.