గడ్డ లోపలి రంగు



ఈరోజు మీతో ఒక గడ్డ గురించి మాట్లాడదామని వచ్చాను. కోస్తా జిల్లాలవాళ్ళు దీన్ని చిలగడదుంప అంటారు. రాయలసీమలో గెనుసుగడ్డ. తెలంగాణ నుంచి షోలాపూర్ వచ్చి స్థిరపడిన మన నేతవారి ఇళ్ళలో మొరంగడ్డ, రత్నపురిగడ్డ. బజారుకు వెళ్తే మాత్రం రతాళే అని మరాఠీలోనే అడుగుతాం. పేరు ఏదైనా మన ఇళ్ళలో దాని స్థానం ఒకటే. శివరాత్రికీ, ఆషాఢ ఏకాదశికీ ఉపవాసం నాడు ఉడకబెట్టుకొని తింటాం, మర్నాడు మరచిపోతాం.

ఈ ఉపవాసపు గడ్డకూ పిల్లల కళ్ళకూ సంబంధం ఉంది. ఆ సంగతి నన్ను వెతుక్కునేలా చేసింది నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి.

నేను బి.ఎడ్. ముగించి ఉద్యోగంలో చేరిన కొత్తలో మాట. మా బడి ఊరి తూర్పు భాగంలో, సాంచాల చప్పుడు ఆగని వాడలో ఉండేది. ఆ అమ్మాయి నాలుగో తరగతి. తండ్రి పవర్‌లూమ్ కార్మికుడు, తల్లి ఇంట్లో బీడీలు చుట్టేది. పొద్దున చురుగ్గా చదివే పిల్ల, మబ్బు పట్టి గదిలో వెలుతురు తగ్గితే నల్లబల్ల మీది అక్షరాలు చదవలేక తడబడేది. కరెంటు పోతే కదలకుండా కూర్చునేది. నేను అది పెంకితనం అనుకున్నాను. రెండు మూడుసార్లు కోప్పడ్డాను కూడా. చివరకు తల్లిని పిలిపించాను. ఆమె తల వంచుకొని, "సారూ, పొద్దుగూకితే దానికి కండ్లు కానరావు. గోడ పట్టుకొని నడుస్తది" అంది.

అది రేచీకటి. మరాఠీలో రాతాంధళేపణా అంటారు. డాక్టరు పరీక్షించి విటమిన్ ఎ లోపమని చెప్పి మందు ఇచ్చారు. కొద్దిరోజుల్లోనే పిల్ల చీకట్లో కూడా మామూలుగా తిరగసాగింది. నేను కోప్పడిన మాట మాత్రం ఆమె మరచిపోయినా నేను మరచిపోలేదు.

మరి ఆ ఇంట్లో తిండి లేదా అంటే, ఉంది. జొన్న రొట్టె ఉంది, అన్నం ఉంది, పప్పు ఉంది. కడుపు నిండుతోంది. కానీ తెల్ల బియ్యంలో విటమిన్ ఎ లేదు, జొన్నలోనూ చాలదు. మన జిల్లా జొన్నకు మంచి పేరే ఉంది. నాటు మాలదండి జొన్నల నుంచి మొహోళ్‌లో ఎంపిక చేసిన ఎం 35-1 రకం రబీ జొన్నల్లో దశాబ్దాలపాటు రాజ్యం ఏలింది. మంచి మొక్కను ఏరి పెంచడం అంటే ఏమిటో మనకు కొత్త కాదు. అయితే ఆ రోజుల్లో దిగుబడి, గింజ మెరుపు, రొట్టె రుచి చూసి ఏరేవారు. గింజలోనో గడ్డలోనో ఏ పోషకం ఎంత ఉందని చూసి ఏరడం తర్వాత వచ్చిన ఆలోచన.

ఆ ఆలోచన బాగా ఫలించిన పంటల్లో చిలగడదుంప ఒకటి. మన బజారులో దొరికే గడ్డ పైతొక్క ఎర్రగా ఉన్నా, విరిస్తే లోపల చాలావరకు తెలుపే. లోపల నారింజ రంగు ఉన్న రకాలు వేరే ఉన్నాయి. ఆ రంగు బీటా కెరోటిన్‌ది. మన శరీరం దానినే విటమిన్ ఎ గా మార్చుకుంటుంది. గడ్డ లోపల రంగు ఎంత ముదిరితే విటమిన్ అంత ఎక్కువ.

అయితే నారింజ గడ్డలతో ఒక చిక్కు ఉండేది. ఉడికిస్తే చాలా రకాలు నీరు నీరుగా ఉండేవి. తినేవాళ్ళకేమో పిండిపిండిగా ఉండాలి. అందుకని శాస్త్రజ్ఞులు రంగున్న రకాన్ని, పిండి ఉన్న రకాన్ని పూల దగ్గర సంకరం చేస్తారు. చిలగడదుంప గింజల్లో ఒక్కోటి ఒక్కో తీరు మొక్క అవుతుంది. వేల మొక్కలు పెంచి, గడ్డలు కోసి రంగు చూసి, ఉడికించి రుచి చూసి, పనికిరానివి తీసేస్తారు. ఇలా ఏళ్ళు గడిస్తే ఒకటో రెండో మిగులుతాయి. మంచి మొక్క దొరికాక మాత్రం పని సులువు. తీగ ముక్క తుంచి నాటితే అదే గుణం వస్తుంది. రైతు ఏటా విత్తనం కొనక్కరలేదు, పొరుగువాడికి నాలుగు తీగలు ఇవ్వవచ్చు.

ఉగాండా వంటి ఆఫ్రికా దేశాల్లో ఈ గడ్డ పండుగ తిండి కాదు, మనకు రొట్టె ఎలాగో వాళ్ళకు అది అలాగ. అక్కడ నారింజ రకాలను తయారుచేసి పల్లెలకు చేర్చినందుకు మరియా అంద్రాదే, రాబర్ట్ మ్వాంగా, జాన్ లో అనే ముగ్గురికి, పోషక పంటల ఉద్యమాన్ని నడిపిన హోవర్త్ బౌయిస్‌కు కలిపి 2016లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. దక్షిణాఫ్రికాలో 5 నుంచి 10 ఏళ్ళ బడి పిల్లలకు 53 బడి రోజులపాటు, రోజుకు 125 గ్రాముల ఉడికిన నారింజ గడ్డ పెట్టి చూశారు. మరో జట్టుకు తెల్లగడ్డ పెట్టారు. నారింజ గడ్డ తిన్న పిల్లల ఒంట్లో విటమిన్ ఎ నిల్వలు మెరుగుపడ్డాయని 2005లో ప్రకటించారు. ఈ పరీక్ష బడిలోనే జరగడం ఉపాధ్యాయుడిగా నన్ను ఆకట్టుకుంది.

మన దేశమూ వెనుకబడి లేదు. తిరువనంతపురంలో 1963లో ఏర్పడిన కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ ఈ పని చేస్తోంది. 2017లో విడుదలైన 'భూ సోనా' రకంలో 100 గ్రాముల గడ్డకు 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉంది. మామూలు రకాల్లో 2 నుంచి 3 మిల్లీగ్రాములే. పిండిదనం కూడా తగ్గలేదు. వండేటప్పుడు కొంత పోయినా, ఒక చిన్న గడ్డతో పిల్లవాడి ఒకరోజు అవసరం తీరుతుంది. అప్పుడే వచ్చిన 'భూ కృష్ణ' లోపల ఊదారంగు. అదీ ఒంటికి మంచిదే, కానీ ఆ ఊదారంగు విటమిన్ ఎ కాదు. రెండింటినీ ఒకటిగా అనుకోవద్దు.

భూ సోనాను ఒడిశా కోసం సిఫారసు చేశారు. మన నేలలో, మన నీటితో ఎలా పండుతుందో మన రైతులే నాటి చూడాలి. మన జిల్లాలో కర్మాళా వైపు రైతులకు రతాళే సాగు తెలిసినదే. వాళ్ళు తెల్లగడ్డ పండించడానికి కారణం ఒకటే, మనం తెల్లగడ్డ అడుగుతాం. గిరాకీ లేని రంగు నూలు కొని ఏ మగ్గందారూ చాదర్ నేయడు కదా! రైతూ అంతే. పరిశోధన కేంద్రంలో ఎంత మంచి రకం ఉన్నా, బజారులో అడిగే చేయి లేకపోతే అది అక్కడే ఉండిపోతుంది.

అందుకని అమ్మలకు, అక్కలకు నా మనవి. ఈసారి రతాళే కొనేటప్పుడు ఒకటి విరిచి లోపల చూడండి. లోపల నారింజ రంగుది తెప్పించమని అమ్మేవాణ్ణి అడగండి. ఒకరు అడిగితే నవ్వుతాడు, పదిమంది అడిగితే తెస్తాడు. రైతు సోదరులు వ్యవసాయ అధికారులను కలిసి తీగల కోసం అడగండి. బడి ఆవరణలో చోటున్న ఉపాధ్యాయ మిత్రులు నాలుగు తీగలు నాటించండి. సుమారు నాలుగు నెలల్లో పిల్లలే తవ్వి తీస్తారు.

తినే పద్ధతి కూడా చెబుతాను. మూతపెట్టి ఉడికించండి. ఎండలో ఎండబెడితే ఆ రంగుతోపాటు గుణమూ తగ్గుతుంది. బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త నూనె ఉండాలి. మన ఇంట్లో ఉండే పల్లీల చట్నీ దానికి సరిజోడు. ఉపవాసం రోజున కాకుండా, వారానికి రెండు మూడుసార్లు బడి నుంచి వచ్చిన పిల్లలకు పెట్టండి.

ఇది మందు మాత్రం కాదు. రక్తహీనతకు దీన్ని నమ్ముకోవద్దు. తొమ్మిదో నెల నుంచి అయిదేళ్ళ దాకా ఆరునెలలకోసారి వేసే విటమిన్ ఎ చుక్కలు మానవద్దు. గడ్డ దొరికేదాకా గుమ్మడి, క్యారెట్, బొప్పాయి, మునగాకు ఉండనే ఉన్నాయి. సందెవేళ మీ పిల్ల గోడ పట్టుకొని నడిస్తే, మబ్బు వేళ చదువులో తడబడితే, నాలాగా కోప్పడకండి. వెంటనే డాక్టరుకు చూపించండి.