కొల్లేరు హద్దు కొలిచేటప్పుడు మనమూ ఉండాలి

(కొల్లేరు పరీవాహక గ్రామాల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు కొల్లేరులో కలుస్తాయి. ఆ నీరు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. ఆ దారిలో గుర్రపుడెక్క పేరుకున్నా, గట్లు అడ్డం పడ్డా నీరు వెనక్కి తంతుంది. మునిగేది మన వరి చేలే.

1999లో ఐదో కాంటూరు వరకు కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. అయినా హద్దు తగాదా తీరలేదు. జిరాయితీ, డి-పట్టా భూములున్న చిన్న రైతుకు ఇది బతుకు సమస్య.

అందుకే ఉపగ్రహాలు ఏం చెప్పగలవో, ఏం చెప్పలేవో మనం తెలుసుకోవాలి. యూరప్ వారి సెంటినెల్-2 చిత్రాలు ఉచితంగా, దాదాపు ఐదు రోజులకోసారి వస్తాయి. వాటిలో ఒక్కో చుక్క పది మీటర్ల నేల. కొత్తగా తవ్విన పెద్ద చెరువు వాటిలో దాగదు. మబ్బు పట్టిన రోజుల్లో సెంటినెల్-1 రాడార్ ముంపును చూపుతుంది. 1972 నుంచి ల్యాండ్‌శాట్ చిత్రాలున్నాయి. నాటి కొల్లేరును నేటి కొల్లేరుతో పోల్చుకోవచ్చు. కానీ పట్టా ఎవరిదో, లీజు పేరుతో అనుభవిస్తున్నది ఎవరో ఉపగ్రహానికి కనబడదు. అది చెప్పాల్సింది ఊరే.

ఇక మన ఫోన్ సంగతి. ఆరుబయట జీపీఎస్ సుమారు ఐదు మీటర్ల తేడాతో చోటు చెబుతుంది. ఎత్తులో తేడా అంతకంటే ఎక్కువే. ఐదో కాంటూరు అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు, దాదాపు మీటరున్నర. కనుక ఫోన్ చూసి కాంటూరు తేల్చలేం. అధికారులైనా సరే, బెంచ్‌మార్కు నుంచి లెవెలింగ్ చేసి, డీజీపీఎస్‌తో కొలిచి రాళ్లు పాతాల్సిందే.

ఫోన్‌తో మనం చేయగలిగిన పని వేరే ఉంది. కాలువ ఎక్కడ పూడిందో, గట్టు ఎక్కడ అడ్డుపడిందో అక్కడే నిలబడి, అక్షాంశ రేఖాంశాలు, తేదీ పడేలా ఫోటో తీద్దాం. వంతెన స్తంభాలపై నీటిమట్టం గుర్తు చూసి రాసుకుందాం. వరద రాకముందు, వచ్చాక, తీశాక మూడుసార్లు ఇలా చేస్తే మన అర్జీకి బలం వస్తుంది.

మనం అడిగేది మూడే. రైతుల సమక్షంలో సర్వే జరగాలి. పటం గ్రామసభలో పెట్టాలి. సర్వే నంబర్ల వారీగా అభ్యంతరాలు వినాలి. హద్దు తేలేదాకా పేదవాడి గట్టును కొట్టి, పెద్దవాడి గట్టును వదిలేస్తే ఊరుకోం.