సంతకం వెనుక ఉన్న ప్రాణం: రక్షక తెప్పల సర్వీసింగు, వారంటీ

(ఫెడరేషన్ భద్రతా శిక్షణ తరగతులలో ఒక విశ్రాంత రేవు కార్మికుడు చేసిన ప్రసంగ పాఠం)



భద్రతను గురించి ప్రసంగించవలసిందిగా నిర్వాహకులు కోరినప్పుడు, నాకు తెలిసిన వృత్తి ఒక్కటే కనుక దానిని గురించే మాట్లాడతానని మనవి చేశాను. 32 సంవత్సరాలపాటు రేవులలో లైఫ్‌రాఫ్టులను, అనగా గాలితో విచ్చుకునే రక్షక తెప్పలను, సర్వీసింగు చేసినవాణ్ణి నేను. మా తండ్రిగారు మాత్రం మీవారే. వాల్తేరు స్టేషనులో క్యారేజి, వ్యాగన్ విభాగంలో పనిచేశారు. బండి ఆగగానే పొడవాటి పిడిగల సుత్తితో చక్రాలను ఒక్కొక్కటిగా తట్టి, ఆ మోతను బట్టి లోహం మంచిచెడ్డలు తెలుసుకునేవారు. బండిలో నిద్రించే ప్రయాణికునికి ఆయన పేరు తెలియదు. అయినా ఆ ప్రయాణికుని నిద్రకు పూచీదారు ఆయనే. నా వృత్తి కూడా అటువంటిదే.

తెప్ప నిర్మాణం

విశాఖ తీరవాసులకు తెప్ప అంటే దుంగలు కట్టిన జాలరి తెప్ప. నేను చెప్పబోయేది రబ్బరు పూసిన గట్టి గుడ్డతో చేసినది. దానిని మడిచి, ఫైబర్ డబ్బాలోనో సంచిలోనో బిగించి, సీలు వేసి పడవపై ఉంచుతారు. డబ్బా నుండి ఒక తాడు బయటికి వస్తుంది. ఆపద వచ్చినప్పుడు తాడు కొసను పడవకు కట్టి, డబ్బాను నీటిలో విసరి, తాడును చివరిదాకా గట్టిగా లాగాలి. అప్పుడు లోపలి సిలిండరు కవాటం తెరుచుకుంటుంది. కార్బన్ డయాక్సైడు వాయువు, అందులో కలిపిన కొద్దిపాటి నత్రజని గొట్టాలలోకి దూసుకుపోయి తెప్ప విచ్చుకుంటుంది. సాధారణ ఉష్ణోగ్రతలో ఒక నిమిషంలోపల ఇది జరగాలని ఓడల తెప్పలకు అంతర్జాతీయ నియమం. ఒక గొట్టం చిరిగినా రెండవది తేలించేటట్లు గాలి అరలు వేరువేరుగా ఉంటాయి. పైన ఎండవానల నుండి కాపాడే గుడారం, అడుగున బోల్తాపడకుండా నీరు నిండే సంచులు, కొట్టుకుపోకుండా నీటి లంగరు ఉంటాయి. త్రాగునీరు, దీపం, వెలుగు బాణాలు, నీరు తోడే చేట, అతుకు సామాను, గాలి కొట్టే తిత్తి కూడా అందులోనే ఉంచుతారు.

ఇవన్నీ మడతలో ఉంటాయి. యజమాని కంటికి కనిపించేది డబ్బా, దానిపై అంటించిన సర్వీసు తేదీ, ఈ రెండే. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

ఈ విషయం మనకు బొత్తిగా దూరమైనదని భావించవద్దు. 2017 సెప్టెంబరు 10న గోవా నుండి నౌకాదళపు తెరచాప పడవ తారిణిలో ఆరుగురు మహిళా అధికారులు బయలుదేరి, భూగోళాన్ని చుట్టి 2018 మే 21న తిరిగివచ్చారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతిగారు, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటిగారు ఉన్నారు. ఏభై అడుగులు దాటిన చిన్న పడవలో మహాసముద్రాలు దాటేవారికి చివరి ఆశ్రయం ఇటువంటి మూటయే.

రెండు దుర్ఘటనలు, రెండు పాఠాలు

1979 ఆగస్టులో ఇంగ్లండు నుండి ఐర్లండు సమీపంలోని ఫాస్ట్‌నెట్ శిలవరకు సాగిన పందెంలో 303 తెరచాప పడవలు బయలుదేరాయి. మధ్యలో విరుచుకుపడిన తుఫానులో 15 మంది పందెగాండ్రు మరణించారు. ఏడుగురి మరణాలు తెప్పలతో ముడిపడిన సంఘటనలలో సంభవించాయనీ, వాటిలో మూడింటికి తెప్ప విఫలం కావడమే నేరుగా కారణమనీ విచారణలో తేలింది. సిబ్బంది విడిచిపెట్టిన పడవలు 24. వాటిలో 19 తరువాత తేలుతూనే దొరికాయి! పడవ నిజంగా మునిగే వరకు దానిని విడువరాదన్నది అక్కడి మొదటి పాఠం. విడువక తప్పని క్షణంలో తెప్ప నిలువవలసిందే అన్నది రెండవ పాఠం. తెప్పల నిర్మాణ ప్రమాణాలపై ఆ తరువాత ఎంతో చర్చ సాగింది.

2014 ఏప్రిల్ 16న దక్షిణ కొరియాలో సెవోల్ అనే ప్రయాణికుల ఓడ మునిగి 304 మంది మరణించారు. అత్యధికులు పాఠశాల విద్యార్థులు. ఆ ఓడపై 46 తెప్పలు ఉండగా విచ్చుకున్నవి ఒకటి రెండు మాత్రమే. తెప్పలను సక్రమంగా తనిఖీ చేయకుండానే చేసినట్లు నివేదిక ఇచ్చారన్న ఆరోపణపై తనిఖీ సంస్థ బాధ్యులు అరెస్టయ్యారు. ఆ పిల్లల మరణాలకు ఇదొక్కటే కారణమని నేను అనను. అధిక భారం, తప్పుడు ఆజ్ఞలు మొదలైన కారణాలు ఇంకా ఉన్నాయి. కాని పని జరుగకుండానే పడిన సంతకం ఎంతటి నేరమో ఆ డబ్బాలు చెబుతున్నాయి.

సర్వీసింగులో ఏమి చేస్తారు?

తెప్పను వాడకపోయినా అది క్షీణిస్తుంది. ఎండ, ఉప్పుగాలి, పడవ కుదుపు, లోపల చేరిన చెమ్మ దానికి శత్రువులు. మడతల వద్ద గుడ్డ బీటలు తీస్తుంది. అతుకుల జిగురు వదులుతుంది. సిలిండరులోని వాయువు కొద్దికొద్దిగా కారిపోవచ్చు. వెలుగు బాణాలకు, బ్యాటరీలకు, మందులకు గడువు తీరుతుంది.

అందువల్ల కేంద్రంలో తెప్పను పూర్తిగా విప్పి పరుస్తాము. సిలిండరును వేరుచేసి తూకం వేసి, దానిపై ముద్రించిన బరువుతో సరిచూస్తాము. పొడి గాలితో తెప్పను నింపి, కనీసం ఒక గంట నిలిపి పీడనం చూస్తాము. నూటికి ఐదు వంతులకు మించి తగ్గరాదు. గదిలో వేడి మారితే పీడనం మారుతుంది కనుక ఉష్ణోగ్రతను కూడా వ్రాసుకుంటాము. అతుకులు, కవాటాలు, దీపం, తాడు పరీక్షిస్తాము. గడువు తీరిన సామాను మారుస్తాము. ఓడల తెప్పలను ఐదేళ్లకొకసారి వాటి స్వంత వాయువుతోనే నింపి చూస్తాము. పదేళ్లు దాటినవాటికి ఏటేటా అధిక పీడన పరీక్ష కూడా చేస్తాము. చివరకు ఆరబెట్టి, తయారీదారు పుస్తకంలో చూపిన వరుసలోనే మడుస్తాము. మడత తప్పితే విచ్చుకోవడం తప్పుతుంది.

ఇక గడువుల సంగతి. అంతర్జాతీయ నియమాలకు లోబడిన వాణిజ్య ఓడల తెప్పలకు 12 నెలలకొకసారి సర్వీసింగు తప్పనిసరి. వీలుపడని పరిస్థితిలో ప్రభుత్వ అనుమతితో 17 నెలల వరకు పొడిగించవచ్చు. సొంత విహారానికి వాడే పడవల తెప్పలకు తయారీదారు చెప్పిన గడువే ప్రమాణం. పలు తెప్పలకు అది మొదట మూడేళ్లు. తెప్ప పాతబడిన కొద్దీ గడువు తగ్గవచ్చు. పడవను అద్దెకు త్రిప్పితే ఆ దేశపు నియమాలు మరింత కఠినంగా ఉండవచ్చు.

వారంటీ ఎక్కడ తెగుతుంది?

ఇప్పుడొక అనుభవం చెబుతాను. పడమటి తీరంలోని ఒక రేవుకు ప్రపంచయాత్ర చేస్తున్న వృద్ధ దంపతులు తమ తెప్పను తెచ్చారు. దాని వయస్సు ఏడేళ్లు, వారంటీ పన్నెండేళ్లు. విప్పి చూస్తే అడుగు గుడ్డ అతుకు మూరెడు మేర ఊడి ఉన్నది. జిగురు లోపమే కనుక తయారీదారు మార్చి ఇస్తాడని ఆశపడి వ్రాయించాము. నిరాకరిస్తూ జవాబు వచ్చింది. మొదటి సర్వీసింగును దారిలో ఏదో రేవులో, చవక అని, అధికారం లేని దుకాణంలో చేయించారట. వారి వద్ద కాగితం ఉన్నది, ముద్ర ఉన్నది. కాని ఆ దుకాణం కంపెనీ జాబితాలో లేదు. అంతటితో గొలుసు తెగింది. పైగా వెలుగు బాణాల పాత తేదీలపై కొత్త చీటీలు అంటించి ఉన్నాయి! ఆ పెద్దాయన డబ్బు గురించి విచారించలేదు. ఇన్నాళ్లూ దీనిని నమ్ముకునే సముద్రాలు దాటామా అని భార్య ముఖం చూస్తూ ఉండిపోయారు.

వారంటీ నిలవాలంటే పాటించవలసినవి ఇవి:

ఒకటి. కొన్న వెంటనే తెప్ప సంఖ్యను, కొన్న తేదీని తయారీదారు వద్ద నమోదు చేయించాలి. పడవ చేతులు మారితే వారంటీ కొత్త యజమానికి సంక్రమిస్తుందో లేదో పత్రంలో చూసుకోవాలి.

రెండు. సర్వీసింగు గడువు దాటరాదు. రాబోయే రేవులో కేంద్రం లేకపోతే ముందే తయారీదారుకు వ్రాసి, లిఖితపూర్వకమైన జవాబు పొందాలి. గడువు దాటిన తరువాత ఇచ్చే సంజాయిషీ చెల్లకపోవచ్చు.

మూడు. కేంద్రానికి అధికారం ఉన్నదా అని అడిగితే చాలదు. ఈ కంపెనీ తెప్పకు, ఈ నమూనాకు అధికారం ఈనాటికి అమలులో ఉన్నదా అని అడగాలి. ఒక కంపెనీ తెప్పకు అధికారం ఉన్న కేంద్రానికి మరొక కంపెనీ తెప్పకు ఉండకపోవచ్చు.

నాలుగు. సీలు విప్పి చూడటం, ఇంటివద్ద తాడు లాగి పరీక్షించడం కూడదు. అసలు విడిభాగాలే వేయించాలి. ప్రతి సర్వీసింగు పత్రాన్నీ మొదటి పత్రంతో కలిపి భద్రపరచాలి.

ఐదు. వారంటీ దేనికి వర్తించదో ముందుగా చదవాలి. సాధారణంగా గుడ్డ, అతుకుల లోపాలకే అది వర్తిస్తుంది. గడువుగల సామానుకు, రాపిడికి, తప్పుగా ఉంచినందువల్ల కలిగిన నష్టానికి వర్తించదు.

ఆరు. తెప్పను విప్పేటప్పుడు దగ్గర ఉండనివ్వమని కేంద్రాన్ని కోరాలి. నిజాయితీగల పనివాడు సంతోషంగా ఒప్పుకుంటాడు. తన తెప్ప విచ్చుకున్న రూపాన్ని ఒకసారి చూసినవాడు చీకటిలో తడుముకోడు.

తపాలా సోదరులకు ఒక మాట. తెప్పలో బిగించిన వాయువు, మందుగుండు ఉంటాయి. రవాణా నియమాల ప్రకారం అది ప్రమాదకర వస్తువు. తపాలా పార్సెలుగా స్వీకరించదగినది కాదు. రబ్బరు సామాను అని వ్రాసి ఎవరైనా కౌంటరు వద్దకు తెస్తే, మీరు అడిగే ఒక్క ప్రశ్న పెద్ద ప్రమాదాన్ని తప్పించవచ్చు.

నా తప్పు ఒకటి

ఇతరుల తప్పులే చెప్పి కూర్చుంటే న్యాయం కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక సాయంత్రం ఓడ బయలుదేరే వేళయింది. నాలుగు తెప్పలు ముగించాలి. పైనుండి తొందర. మూడింటిని గంటసేపు నిలిపాను. నాలుగవదానిని ఇరవై నిమిషాలే నిలిపి, గంట అని వ్రాసి సంతకం చేశాను. ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చున్నాను. ముద్ద దిగలేదు. నాన్నగారు కారణం అడిగితే చెప్పాను. ఆయన కోపగించుకోలేదు. “సుత్తి తట్టకుండా తట్టానని వ్రాస్తే ఆ చక్రం నన్ను వెంటాడుతుందిరా” అన్నారు, అంతే. ఆ రాత్రే సైకిలు తీసుకుని రేవుకు వెళ్లాను. తెప్ప ఇంకా ఓడకు ఎక్కలేదు. జరిగినది చెప్పి, తిట్లు తిని, మళ్లీ విప్పి గాలి నింపాను. ముప్పావు గంటకు పీడనం సన్నగా జారింది. ఒక కవాటం కింద ఇసుక రేణువు ఉన్నది.

ఇరవై నిమిషాలకు అది బయటపడలేదు. అందుకే నియమంలో గంట అని వ్రాశారు.

మీలో బ్రేకు పవరు సర్టిఫికెట్టుపై సంతకం చేసేవారున్నారు. తపాలా సంచికి సీలు వేసి బరువు వ్రాసేవారున్నారు. అటువైపు సంచి అందుకునేవాడు, బండి నడిపేవాడు, ఆ బండిలో నిద్రించేవాడు మీ సంతకాన్ని తప్ప మిమ్ములను చూడరు. వారంటీ కంపెనీకి, యజమానికి మధ్య ఉన్న ఒప్పందం. అది తెగితే డబ్బు పోతుంది. పనివాని సంతకం అతనికి, ముఖం తెలియని మనిషికి మధ్య ఉన్న ఒప్పందం. చేసిన పనికే సంతకం చేయండి. చేయడానికి వ్యవధి ఇవ్వకపోతే, ఇవ్వలేదని కాగితంపై వ్రాయండి. అలా వ్రాసిన వానిని ఒంటరిని చేయకుండా తక్కినవారు అతని పక్కన నిలవండి. ఈ తరగతులకు వచ్చినందుకు నేను మిమ్ములను కోరేది ఇంతే.