మరుపుకు ముందే మెదడులో అలజడి



చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి పల్లెల్లో పెద్దలు ఇంటిదారి మరిచిపోతే 'వయసైపోయింది' అని వదిలేస్తాం. మేమూ అలాగే వదిలేశాం. అది అల్జీమర్స్ జబ్బు కావచ్చు.

ఆ జబ్బులో అమైలాయిడ్ అనే ప్రోటీన్ మెదడులో గడ్డకడుతుంది. దాని చుట్టూ ఉన్న కణాలు కొన్ని ముందు నీరసించవు. బ్రేకు పడని మగ్గంలా అతిగా ఆడతాయి. 2008లో ఎలుకల మెదళ్లలో ఇది కనిపించింది. కణాలు ఎంత ఆడితే ఆ ప్రోటీన్ అంత ఊరుతుంది. మరుపు బయటపడేది ఏళ్ల తర్వాత.

అందుకే చింతామణి పక్కన శ్రీనివాసపురం తాలూకాలో, బెంగళూరు టాటా ఇన్‌స్టిట్యూట్‌లోని మెదడు పరిశోధన కేంద్రంవారు 2018 నుంచి 45 ఏళ్లు దాటిన పల్లెజనాన్ని పరీక్షిస్తూ వస్తున్నారు.

ఇంకో మాట. చెవుడు వచ్చినవారికి మతిమరుపు జబ్బు ముప్పు ఎక్కువ. మిల్లు రొదకు చెవిబిరడాలు ఇమ్మని మనం అడిగేది ఇందుకు కూడా.